సంగటి, రొట్టె, నులక, బొంత

సంగటి చేయడంలో కష్టమంతా కుండ పొయ్యి దిగాకే మొదలవుతుంది. అంతవరకూ పని నీళ్లూ నిప్పూ చూసుకుంటాయి. ఎసరు కాగాక కడిగిన నూకలు పోస్తారు. అవి విడివిడి మెతుకులుగా కాకుండా మెత్తగా, జావకు కాస్త ఇవతలగా ఉడకాలి. అప్పుడు రాగిపిండిని కుండ నడిమధ్యన కుప్పగా పోస్తారు. కలపరు. కొత్తవాళ్ల చెయ్యి ఇక్కడే ఆగదు. పిండి పడగానే గరిటె తిప్పారంటే పైపిండి తడిసి, లోపలిది పొడిగానే మిగిలి ఉండలు కడుతుంది. ఆ ఉండలు తర్వాత ఎంత కెలికినా విడవవు. తెడ్డు కాడతో కుప్పలో ఒకటి రెండు గుంతలు పొడిచి, మూత పెట్టి, మంట తగ్గించి వదిలేయాలి. కింది ఎసరు ఆవిరై ఆ గుంతల్లోంచి పైకొస్తూ పిండిని ఉడికిస్తుంది. పచ్చివాసన పోయి కమ్మటి వాసన వచ్చిందంటే కుండ దించవచ్చు.

ఇక తెడ్డు పని. కుండను నేలమీద పెట్టి, పాతగుడ్డ అడ్డం వేసి రెండు పాదాల మధ్య అదిమిపట్టి, రెండు చేతులా తెడ్డు పట్టుకుని అడుగు నుంచి కెలుకుతారు. బలం మణికట్టుది కాదు, భుజానిదీ నడుముదీ. పెద్ద సంసారాల్లో ఒకరు కుండ పట్టుకుంటే ఒకరు కెలికేవాళ్లు. సంగటి చల్లబడితే బిగుసుకుంటుంది కాబట్టి ఆగి ఊపిరి తీసుకునే వెసులుబాటు తక్కువ. చెయ్యి తడి చేసుకుంటూ వేడివేడిగానే ముద్దలు కడతారు. తినడానికీ ఒక పద్ధతి ఉంది. ముద్దలో గుంత చేసి నెయ్యో పులుసో పోసుకుంటారు. చిన్న ముక్క తుంచి, చెనక్కాయల ఊరిమిండిలోనో పుల్లగూరలోనో అద్ది మింగుతారు. నమిలితే పళ్లకు అంటుకుంటుంది, రుచీ తెలియదు.

హోటళ్లలో నాటుకోడి పులుసు పక్కన గుండ్రంగా కూర్చున్న ముద్దను చూసి ఇదొక విందు భోజనమని అనుకునే తరం వచ్చింది. కడప, కర్నూలు పల్లెల్లో అది పనికి పోయే ముందు తినే కూడు. కోడి ఎప్పుడో పండక్కి, చుట్టాలొస్తే. మిగతా రోజులన్నీ పప్పు, ఆకుకూర, చింతపండు, ఎర్రకారం, చెనక్కాయలు. ఈ మెట్ట నేలలో వంటైనా, పక్క బట్టైనా, మంచం అల్లికైనా పుట్టింది ఒకే అవసరం నుంచి: ఉన్న కొంచెంలోంచి ఎక్కువ రాబట్టుకోవడం. ఆ రాబట్టడంలోని పనితనాన్ని మనం ‘ఆరోగ్యం’ అనే ఒక్క మాటకు కుదించి అమ్ముకుంటున్నాం. నా ఫిర్యాదు అదే.

నేలను బట్టి వంట మారుతుంది. రాయచోటి వైపు ఎర్రనేలల్లో రాగి, చెనక్కాయ. కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపు నల్లరేగడి, అంటే రేనాడు. అక్కడ వాన వెలిశాక నేల పట్టి ఉంచుకున్న తేమతోనే శీతాకాలమంతా తెల్లజొన్న పండేది. అందుకే ఇటు సంగటి, అటు రొట్టె. గోడ గీసినట్టు విడిపోయాయని కాదు. రెండూ రెండు చోట్లా ఉన్నాయి, కానీ ఏ చెయ్యి దేనిలో ఆరితేరిందో నేలే చెబుతుంది.

జొన్నపిండిలో గోధుమపిండికున్న సాగుడు ఉండదు. గోధుమలో నీళ్లు తగలగానే జిగురుగా అల్లుకునే గ్లూటెన్ జొన్నలో లేదు. కర్రతో వత్తబోతే అంచులు పగులుతాయి. సీమ ఆడవాళ్లు ఆ లోటును వేడినీళ్లతో పూడ్చారు. మరిగే నీళ్లు పిండిలో పోసి ముందు కట్టెతో కలిపి, చెయ్యి పట్టగలిగినంత వేడి ఉండగానే అరచేతి మడమతో గట్టిగా మర్దిస్తారు. ఆ వేడికి పిండిలోని గంజిపదార్థం కొంత ఉడికి జిగి ఇస్తుంది. మొత్తం పిండిని ఒకేసారి మర్దించిపెట్టరు. ఏ రొట్టెకు ఆ ముద్ద, అప్పటికప్పుడు. పొడిపిండి చల్లిన పలకమీదో బండమీదో ముద్ద పెట్టి, ఒక చెయ్యి తడుతుంటే ఇంకో చెయ్యి అంచును కాస్తూ రొట్టెను తిప్పుతూ పోతుంది. తట్టే చప్పుడు ఒకే తాళంలో వినిపిస్తోందంటే అనుభవమున్న చెయ్యి. పెనంమీద వేసేటప్పుడు పొడిపిండి ఉన్న వైపు పైకి రావాలి. తడిగుడ్డతో ఆ పిండిమీద నీళ్లు రాస్తారు. లేకపోతే తిప్పినప్పుడు పొడిపిండి మాడి రొట్టె చేదెక్కుతుంది. తడి ఆరగానే తిప్పి, చివర్లో నిప్పుల పక్కన నిలబెడితే పొంగుతుంది.

పిండి ఎప్పుడు పట్టించారన్నది కూడా వంటలో భాగమే. జొన్నా సద్దా గింజగా ఏడాది నిలవుంటాయి, పిండయ్యాక ఉండవు. గింజ మొలకలోని నూనె గాలి తగిలి పాడై చేదు మొదలవుతుంది. సద్దపిండికి ఇది మరీ తొందర. నిలవ పిండికి జిగి కూడా తగ్గుతుంది. అందుకే పాత ఇళ్లలో గింజను గాదెల్లో దాచి, పిండిని వారానికి సరిపడా విసురుకునేవారు. ఇప్పుడు పట్నం కొట్లో ఎప్పుడో పట్టిన జొన్నపిండి పాకెట్ కొని, రొట్టె పగిలిందని తన చేతిని తిట్టుకునే ఇల్లాలికి చెప్పాల్సింది ఒకటే: తప్పు చేతిది కాదు, పాకెట్‌ది. శ్రీనాథుడు పలనాటి జొన్నకూటి మీద చాటువుల్లో విసుక్కున్నాడంటారు. ఆయనకు తాజాపిండితో తట్టిన రొట్టె పెట్టినవారు లేకపోయి ఉంటారు.

ఇంత పనితనం ఎందుకు వెనకబడిందంటే ‘నాగరికత మోజు’ అని తేల్చేయడం అన్యాయం. కొర్రల సంగతి చూడండి. కొర్రగింజ మీది పొట్టు తీయడానికి విసుర్రాయి, ఆపైన రోలు, ఆపైన చేట. ఇంటిల్లిపాదికీ ఒక పూట కొర్రన్నం కావాలంటే ఒక ఆడమనిషి తెల్లవారకముందే లేవాలి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక ఆ రోకలిని మూలన పెట్టినవాళ్లను తప్పుపట్టే హక్కు పక్కన కూర్చుని తిన్నవాళ్లకు లేదు. అంతకుముందు వరికూడు పండగ కూడు. కరువు రోజుల్లో ఒక పూట అన్నం పెట్టినవాడి పేరు ఈ నేల మరిచిపోలేదు. 1866 కరువులో ఊళ్లను ఆదుకున్న ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిని జనం పాటల్లో ఇప్పటికీ పాడుకుంటారు. అలాంటి చోట తెల్లన్నం రోజూ దొరకడమంటే ఆనాటి తల్లులకు విడుదలే.

రేనాటి జొన్నను నెట్టింది మాత్రం బియ్యం ఒక్కటే కాదు, శనగ కూడా. జేజీ-11 అనే తక్కువకాలపు శనగ రకం 1999లో విడుదలైంది. ఆ తర్వాతి ఏళ్లలో కర్నూలు, కడప నల్లరేగళ్లు శనగ చేలయ్యాయి. మంచి ధర, చలికాలపు తేమ చాలు. రైతు లెక్క తప్పు కాదు. అయితే జొన్నతోపాటు జొన్నచొప్ప పోయింది, చొప్పతో పశువులు తగ్గాయి, మజ్జిగ తగ్గింది. మజ్జిగ లేని అంబలికి రుచి లేదు. నూరేళ్లు దాటిన నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి ‘నంద్యాల తెల్లజొన్న’ రకాలూ, సూర్యనంది, రేనాడు పేర్లతో కొర్ర రకాలూ వచ్చాయి. విత్తనం ఉంది. పొట్టు తీసే మరలూ వచ్చాయి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమన్నాక పట్నంలో గిరాకీ కూడా ఉంది. లేనిది దాన్ని వండే ఓపికా ఒడుపూ.

ఆరోగ్యం గురించి రెండు మాటలు చెప్పకపోతే ఈ రోజుల్లో వంట వ్యాసం ఒప్పుకోరు. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అంతే బియ్యంలో పది దాకా. అయితే రాగిలోని ఫైటేట్ల వల్ల అందులో కొంత ఒంటికి పట్టదు. మొలకెత్తించి ఎండబెట్టి పట్టించినా, పిండిని రాత్రి కలిపి పులియబెట్టినా ఆ అడ్డు తగ్గుతుంది. మన అంబలి చేసేది అదే. రాత్రి పులిసిన పిండిని పొద్దున కాచి, చల్లార్చి, మజ్జిగ పోసి, ఉల్లిపాయ నంజుకుని తాగడం. తెల్లవారుజామున కడప, కర్నూలు ఊరిబయట రోడ్ల మీద కానిస్టేబులు కొలువు కోసం పరుగెత్తే కుర్రాళ్లు కనిపిస్తారు. 1,600 మీటర్లు 8 నిమిషాల్లో ముగించాలి మరి. పరుగు ముగించుకుని ఇంటికొచ్చినవాడికి డబ్బాలో అమ్మే ప్రొటీన్ పొడి కంటే ముందు ఒక చెంబు అంబలి, గుప్పెడు ఉడకబెట్టిన చెనక్కాయలు ఇవ్వండి. కానీ సంగటి తింటే చక్కెరజబ్బు పోతుందని మాత్రం ఎవరికీ చెప్పకండి. అందులో నూకలూ ఉన్నాయి, ముద్దా పెద్దదే. అంత ముద్ద అరాయించుకున్న మనిషి పొద్దంతా నాగలి వెంట నడిచాడు.

వంటింట్లోంచి పడసాలలోకి వద్దాం. మధ్యలో ఒక మొక్క ఉంది, గోగు. చేను గట్లమీద వేసే గోగు ఆకు పుల్లగూరకు వస్తుంది. కాండం ముదిరాక కోసి, కట్టలు కట్టి, కుంటలో రాళ్లు బరువుపెట్టి పది పదిహేను రోజులు నానబెడతారు. కుళ్లిన పైతొక్కు ఉతికేస్తే గోగునార చేతికొస్తుంది. దాన్ని తొడమీద పేని నులక చేసి మంచం అల్లడం మగవాళ్ల పని. కోళ్లు, పట్టెలు వడ్రంగివి, అల్లిక ఇంటివాళ్లది. కాళ్ల వైపు కొంత జాగా వదిలి అక్కడ బిగింపు తాడు వేస్తారు. మనిషి బరువుకు నులక సాగి మంచం లోతయినప్పుడల్లా ఆ తాడు లాగితే అల్లిక మళ్లీ బిగుస్తుంది. తాడు ఒక్కటి లాగితే మరమ్మతు అయిపోయే మంచాన్ని ఏ ఫర్నిచర్ కొట్లోనూ నేను చూడలేదు. అల్లికలోంచి గాలి ఆడుతుంది కాబట్టి, ఎండాకాలం పగలంతా కాగిన మిద్దెమీద రాత్రి పడుకోవడానికి దీన్ని మించింది లేదు.

దాని మీద పరిచేది బొంత. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీరలు పైనా కిందా, మధ్యన పాత పంచెలు, లుంగీలు, తువ్వాళ్లు. కడపబండల నేలమీద కింది చీర పరిచి, మూలలకు రాళ్లు పెట్టి, ముడత లేకుండా లాగుతారు. లోపలి గుడ్డలను అంచు మీద అంచు ఎక్కకుండా పేరుస్తారు, ఎక్కితే ఆ చోట గట్టుకట్టి వీపుకు తగులుతుంది. పైచీర కప్పాక నడిమధ్య నుంచి అంచులకు పెద్దపెద్ద కుట్లు తాత్కాలికంగా వేస్తారు. ఆ కుట్లు లేకుండా నేరుగా మొదలుపెడితే గుడ్డ జరిగి ఒకవైపు ఉబ్బుతుంది. ఆపైన దబ్బనం, రెండు మూడు పేటల నూలుదారం. ఒకరు ఈ అంచున, ఒకరు ఆ అంచున కూర్చుని, వరస వెంట వరసగా లోపలికి కుట్టుకుంటూ వస్తారు. కుట్టు మరీ బిగిస్తే బొంత ముడుచుకుంటుంది, వదులైతే మూడు ఉతుకులకే దారం లేస్తుంది. పురిటిబిడ్డ బొంతకు ఇంట్లో అన్నిటికన్నా పాత చీర ఏరతారు. గంజీ రంగూ అంతా వదిలిపోయిన గుడ్డ పసిచర్మాన్ని ఒరవదు.

ఈ జిల్లాల్లో నూలుకు కొదవలేదు. మాచాని సోమప్ప 1938లో ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘాన్ని నిలబెట్టారు. ఆ ఊరి దుప్పటి సీమ ఇళ్లలో పరిచిన చోట పదేళ్లు పనిచేసి, చిరిగాక బొంతలోకి పోయేది. మాధవరం, పుల్లంపేట మగ్గాలూ ఉన్నాయి. బొంతను చంపింది పాలిస్టర్ చీర. అది చిరగదు, మెత్తబడదు, చెమట పీల్చదు, దబ్బనం కింద జారిపోతుంది. పాతచీరే లేని ఇంట్లో బొంత ఎక్కడిది? బెంగాల్ ఆడవాళ్ల ఇలాంటి కుట్టు పనే కాంథా పేరుతో పట్నం దుకాణాలకెక్కింది. జపాన్ రైతులు అతుకులేసుకున్న పాతబట్టలు మ్యూజియంలలో ఉన్నాయి. బొంత మాత్రం మన దగ్గర బీదరికపు గుర్తుగానే మిగిలింది, చుట్టాలొస్తే అటక ఎక్కించేదిగా.

సంగటి, రొట్టె, బొంత ఆడవాళ్లవి, నులక మగవాళ్లది. ఈ పంపకంలో రోజూ చేయాల్సినవి ఎటు పోయాయో, ఏడాదికొకసారి చేసేది ఎటు మిగిలిందో గమనించారా? ఇదే పద్ధతిలో పాతవంటలు మళ్లీ తెద్దామంటే నేను ఒప్పుకోను. ఇప్పుడు మర పొట్టు తీస్తుంది, గ్యాసు మంట చెప్పినట్టు వింటుంది. మిగిలింది కెలకడం, మర్దించడం. రెండూ భుజబలం పనులు.

ఇవి నేర్పే బడి లేదు, పుస్తకం చూసి పట్టుబడేవి కావు. మీ ఇంట్లోనో వీధిలోనో సంగటి కెలికిన అవ్వో జేజో ఇంకా ఉంటే, ఈ చలికాలంలోనే ఆమె పక్కన కూర్చోండి. తెడ్డు ముందు ఇంట్లోని మగపిల్లాడి చేతికివ్వండి.