భోజనానికి ముందు పది నిమిషాలు

రెండో ఎక్కం మొదటి నుంచి చివరిదాకా ఒకసారి అప్పజెప్పడానికి రెండో తరగతి పిల్లలకు ఇంచుమించు ఇరవై సెకన్లు పడుతుంది. సబ్బుతో చేతులు రుద్దుకోవడానికి కనీసం అంతసేపు కావాలని డాక్టర్లు చెబుతారు. సూరత్‌లో లింబాయత్ వైపున్న ఒక తెలుగు మీడియం తరగతిలో టీచరు ఈ రెండింటినీ ఒక్కచోట కలిపేశారు. మధ్యాహ్నం కంచాలు తీసే ముందు పిల్లలంతా కుళాయిల దగ్గర వరుస కడతారు. చేతులు తడుపుకుని, సబ్బు రుద్దుకుని, కుళాయి కట్టేసి, నురగ చేతులతో "రెండొకట్లు రెండు, రెండు రెళ్ళు నాలుగు" అని ఎత్తుకుంటారు. రెండు పదులు ఇరవై అనేదాకా ఎవరూ కుళాయి తిప్పరు. మధ్యలో ఎవరైనా తడబడితే పక్కనున్నవాళ్ళు అందుకుంటారు. అక్కడ ఆరోగ్యం పాఠం ఎక్కడ ఆగిందో, లెక్కల పాఠం ఎక్కడ మొదలైందో విడదీసి చూపించమంటే నావల్ల కాదు.

సూరత్‌లో తెలుగు బడి ఏమిటని ఆశ్చర్యపోయేవాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి రెండు మాటలు చెప్పాలి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఇక్కడి మరమగ్గాల మీద బతుకుతున్నాయి. లింబాయత్, ఉధనా సందుల్లో తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. బతుకమ్మ రోజుల్లో అయితే ఏ ఊళ్ళో ఉన్నామో మర్చిపోతాం. నగర పాలక సంస్థ కింద పనిచేసే నగర్ ప్రాథమిక్ శిక్షణ్ సమితి గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఇంగ్లీషు అని ఏడు మాధ్యమాల్లో బడులు నడుపుతోంది. పనికోసం వచ్చినవాళ్ళ పిల్లలకు వాళ్ళ భాషలోనే అక్షరాలు దిద్దించే నగరం మీద నాకు మొదటినుంచీ గౌరవం.

ఆ ఇళ్ళు ఎలా ఉంటాయో తెలిస్తే ఆ కుళాయిల దగ్గర జరిగేది ఎంత పెద్ద పనో తెలుస్తుంది. చాలామందివి ఒక్క గది కాపురాలు. నాన్నది పన్నెండు గంటల షిఫ్టు, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. అమ్మ ఇంట్లోనే కూర్చుని చీరలకు చమ్కీలు, రాళ్ళు అంటిస్తుంది. చీరకు ఇంత అని కూలి. అదే గదిలో వంట, అదే గదిలో నిద్ర, అదే గదిలో హోంవర్కు. పొద్దున బడికి వచ్చే పిల్లల మోచేతుల మీద, జుట్టులో, పలకల మూలల్లో చమ్కీ మెరుస్తూనే ఉంటుంది.

ఆ చమ్కీనే టీచరు పాఠం చేశారు. నేను ఎదురుగా కూర్చుని చూశాను. ఒక పిల్ల అరచేతిలో కొబ్బరినూనె చుక్క వేసి, చిటికెడు సన్న చమ్కీ పొడి అద్దారు. "ఇప్పుడు నీ పక్కనున్నవాళ్ళతో చేయి కలుపు" అన్నారు. ఆ పిల్ల కలిపింది, అవతలివాడు ఇంకొకరితో కలిపాడు. అలా ఐదారు చేతులు దాటేసరికి మెరుపు పెన్సిలు మీదికి, తలుపు గడియ మీదికి, ఒకడి పెదవి మీదికి కూడా పోయింది. తర్వాత కొందరిని ఉత్త నీళ్ళతో కడుక్కోమన్నారు. నూనె వల్ల చమ్కీ కదల్లేదు. మిగతావాళ్ళను సబ్బుతో కడుక్కోమన్నారు. అరచేతులు శుభ్రమయ్యాయి గానీ గోళ్ళ కింద, వేళ్ళ సందుల్లో, బొటనవేలి మొదట్లో మిణుకుమిణుకుమంటూనే ఉంది. "టీచర్, నాకు ఇంకా ఉన్నది" అని ఒక పిల్లవాడు వేళ్ళు విడదీసి చూపించాడు. టీచరు ఏమీ అనలేదు. మళ్ళీ కడుక్కోవడానికి వాడే పరిగెత్తాడు. కంటికి కనపడని క్రిమి ఉందని ఏడేళ్ళ బిడ్డను నమ్మించడం కష్టం. కనపడేదాన్ని పట్టుకుని అక్కడిదాకా తీసుకెళ్ళడమే ఉపాధ్యాయ విద్యలో అసలు పనితనమని నేననుకుంటాను.

మా చిన్నప్పుడు బడిలో ఆరోగ్యమంటే సోమవారం తనిఖీ. వరుసలో నిలబెట్టి గోళ్ళు చూసేవారు. పెరిగి ఉంటే వేలి కణుపుల మీద స్కేలు దెబ్బ. మాసిన చొక్కా వేసుకొచ్చినవాడిని అందరి ముందూ నిలబెట్టేవారు. వాడికి ఉన్నది ఒక్కటే చొక్కా అని అందరికీ తెలుసు. ఆ పద్ధతిలో మేం నేర్చుకున్నది చేతులు వెనక్కి దాచుకోవడం. ఇప్పటికీ చాలా బడుల్లో ఇదే నడుస్తోంది, కాకపోతే స్కేలు బదులు మందలింపు. పిల్లవాడి ఇంటి పేదరికాన్ని వాడి తప్పుగా లెక్కగట్టే ఏ పద్ధతినీ నేను ఆరోగ్య విద్య అని ఒప్పుకోను. గోళ్ళు పెరిగి ఉంటే తరగతిలో ఒక నెయిల్ కట్టర్ ఉండాలి. దువ్వెన, అద్దం ఉండాలి. అంతే.

ఈ మాట నూరేళ్ళ కిందటే చేసి చూపించినవాడు గుజరాత్‌లోనే పుట్టాడు. గిజుభాయి బధేకా వకీలు పని వదిలేసి, భావనగర్‌లో 1920లో బాలమందిరం పెట్టాడు. ఆయన రాసిన 'దివాస్వప్న' తెలుగులో 'పగటి కల'గా వచ్చింది, మన టీచర్లలో చాలామంది చదివే ఉంటారు. అందులో నాలుగో తరగతి చేపట్టిన మాస్టారు పిల్లల మాసిన బట్టలను, పెరిగిన గోళ్ళను పాఠానికి అడ్డంగా చూడడు, పాఠంలో భాగంగా చూస్తాడు. గుజరాత్ ఆయన్ని 'మీసాలున్న అమ్మ' అని పిలుచుకుంది.

అలవాటు ఉపన్యాసంతో రాదు, రోజు నడిచే తీరులోంచి వస్తుంది. ఇది సూరత్‌కు చెప్పాల్సిన పని లేదు. 1994 సెప్టెంబరులో ఇక్కడ ప్లేగు వచ్చింది. తాపీ నది వరదలు తీసి, చెత్తా బురదా పేరుకుపోయిన బస్తీల నడుమ యాభై మందికి పైగా చనిపోయారు. లక్షలాది మంది దొరికిన రైలెక్కి సొంతూళ్ళకు పారిపోయారు. ఆ మరుసటి ఏడు మున్సిపల్ కమిషనర్‌గా వచ్చింది మన తెలుగువారే, సూర్యదేవర రామచంద్రరావు. ఎస్.ఆర్.రావు అంటే సూరత్‌లో పాతవాళ్ళు ఇప్పటికీ గుర్తుపడతారు. ఆయన నీతులు చెప్పలేదు. అధికారులను ఏసీ గదుల్లోంచి లేపి రోజూ వీధుల్లోకి పంపారు. రాత్రిపూట రోడ్లు ఊడ్పించారు. ఏ పని ఎవరిది, ఏ వేళకు అయిపోవాలి అన్నది తేల్చారు. ఒకటి రెండేళ్ళలోనే చండీగఢ్ తర్వాత అంత శుభ్రమైన నగరమన్న పేరొచ్చింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందౌర్‌తో కలిసి మొదటి స్థానం పంచుకుంది. అంత పెద్ద నగరాన్ని మార్చింది వేళ తప్పని పని. నలభై మంది పిల్లల తరగతికి కూడా కావలసింది అదే.

వేళ అంటే టైమ్‌టేబుల్‌లో రాసిన వేళ. చేతులు కడుక్కోవడానికి భోజనం గంటలోంచి సమయం తీస్తే తోపులాటే మిగులుతుంది. భోజనానికి ముందు పది నిమిషాలను ఒక పీరియడ్‌గా రాసిపెట్టాలి. ఆ పది నిమిషాలు టీచరు ఆఫీసు గదిలో రిజిస్టరు రాసుకోకూడదు, పిల్లల పక్కనే నిలబడి తానూ చేతులు కడుక్కోవాలి. ఇక్కడ సబ్బు బిళ్ళలను పాత నైలాన్ వల సంచుల్లో వేసి కుళాయిలకు కట్టారు. కింద పడదు, జేబులో పోదు. కుళాయి చెడిపోతే ఆ రోజే బాగుచేసే ఏర్పాటు మాత్రం ఇంకా చాలాచోట్ల లేదు. నీళ్ళు రాని కుళాయి కింద ఏ పాఠమూ నిలవదు. దీన్ని చిన్న విషయమని తీసిపారేసేవాళ్ళతో నాకు గట్టి తగాదా ఉంది. అనేక దేశాల పరిశోధనలను కలిపి చూసిన సమీక్షల్లో, చేతులు కడుక్కోవడం అలవాటు చేసినచోట నీళ్ళ విరేచనాలు పావు వంతు నుంచి మూడో వంతు దాకా తగ్గినట్టు తేలింది. విరేచనాలతో ఇంట్లో పడుకున్న బిడ్డకు ఆ వారం ఒత్తులూ రావు, కూడికలూ రావు. నులిపురుగుల నివారణ దినం నాడు నమిలించే ఆల్బెండజోల్ మాత్ర కూడా మంచిదే. కానీ చేతులు మురికిగా ఉంటే ఆ పురుగులు మళ్ళీ వస్తాయి.

తిండి సంగతి వేరే. గుజరాత్‌లో మధ్యాహ్న భోజనం 1984లోనే మొదలైంది. ప్రాథమిక తరగతుల బిడ్డకు ఆ పూట 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది దేశమంతటా ఉన్న నియమం. పుట్టినరోజులకు, పండగలకు ఊరివాళ్ళు బడి పిల్లలకు వడ్డించే 'తిథి భోజన్' పద్ధతి కూడా ఇక్కడిదే. అయితే ఐదు రూపాయల చిప్స్ పొట్లం బడి గేటు బయటే కాచుకుని ఉంటుంది. దాన్ని నిషేధించడం కంటే, పొట్లం వెనకనున్న అక్షరాలను పిల్లలతో చదివించడం మేలు. చదవడమూ వస్తుంది, ఉప్పెంతో నూనెంతో తెలుస్తుంది. నిద్ర గురించి బడి చేయగలిగింది తక్కువే. ఆరేళ్ళ నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలంటారు. నాన్న షిఫ్టు దిగి వచ్చేదాకా దీపం ఆరని గదిలో అది ఎలా కుదురుతుంది? రెండో పీరియడ్‌లో కునికే బిడ్డను లేపి నిలబెట్టకుండా, వెనక బెంచీ మీద కాసేపు తల వాల్చుకోనిచ్చే టీచరు ఉంటే ఆ మేరకు మేలు.

పిల్లలు నేర్చింది ఇంటికీ చేరుతుంది. "మా చెల్లెకు గూడ కడిగిన టీచర్, ఎక్కం గూడ చెప్పిన" అని ఒక పాప పొద్దున రాగానే చెప్పింది. ఆ చెల్లెలు ఇంకా బడిలో చేరనే లేదు.

లండన్‌లో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలు, ఆమె బృందం 96 మందిని గమనించి, ఒక కొత్త పని ఆలోచించకుండా చేసే అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టిందని లెక్కగట్టారు. కొందరికి 18 రోజులే, కొందరికి 254 రోజులు. వాళ్ళు చూసింది పెద్దవాళ్ళను. పిల్లల తరగతిలో ఇంకో చిక్కుంది, సెలవులు. గుజరాత్ బడులకు దీపావళికి మూడు వారాల సెలవులు. కొందరు పిల్లలు ఊళ్ళకు వెళ్ళొస్తారు. తిరిగొచ్చేసరికి గోళ్ళు పెరిగి ఉంటాయి, వరుస చెదిరి ఉంటుంది. బడి తెరిచిన మొదటి వారం లెక్కలు, తెలుగు కొంచెం పక్కన పెట్టి అయినా దీనిమీదే కూర్చుంటే బాగుంటుంది కదా అని ఆ టీచరుతో అన్నాను.

"వారం ఎక్కడ సరిపోతుంది సార్," అన్నారామె, "దీపావళికి మొదలుపెడితే ఉత్తరాయణ్ దాకా పడుతుంది. లెక్కలు పక్కన పెట్టడమెందుకు, ఈసారి మూడో ఎక్కం ఎత్తుకుంటాం."