విండోల స్థలవివాదము: ఒక నిబంధన గ్రంథముపై విమర్శ

కంప్యూటరు తెర ఒకటి; దానిపై చోటు కోరు ప్రోగ్రాములు అనేకము. ప్రతి ప్రోగ్రామునకును లభించు చోటునకు విండో అని పేరు. ఏ విండో ఎంత ఉండవలెను, ఎక్కడ ఉండవలెను అను తగవు తీర్చుటకు విండో మేనేజరు అను వేరొక ప్రోగ్రాము కలదు. ఈ రెండు పక్షములును ఏ మర్యాదల ననుసరించి మాటలాడుకొనవలెనో విధించిన గ్రంథమే డేవిడ్ రోజెంతాల్ రచించిన ఐ.సి.సి.సి.ఎం. ఎక్స్ విండో వ్యవస్థ 1984లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో పుట్టినది. దాని 11వ కూర్పు 1987లో వెలువడినది. ఆ కూర్పునకు అనుబంధమైన ఈ గ్రంథము యొక్క రెండవ పాఠము 1994 నాటిది. నేటికిని ఎక్స్ వ్యవస్థపై నడచు లైనక్సు కంప్యూటరులు దీనినే అనుసరించుచున్నవి. కనుక దీని గుణదోషములను విచారించుట నిష్ప్రయోజనము కాదు.

గ్రంథమునకు ప్రాణమైన సూత్రము ఒక్కటే: ప్రోగ్రాము కోరవచ్చును, శాసింపరాదు. ఒక ప్రోగ్రాము తన విండోను పెంచుమని అడిగినచో, తెరను నడపు సర్వరు ఆ పని తాను చేయక, విన్నపమును విండో మేనేజరునకు మళ్ళించును. ఈ అధికారము ఒక కాలమున ఒక్క మేనేజరునకే చెల్లును.

కోరిక ఎట్లుండవలెనో కూడ గ్రంథము చక్కగా నిర్ణయించినది. కనిష్ఠ పరిమాణము, గరిష్ఠ పరిమాణము, పెరుగుదల మెట్టు మున్నగునవి ప్రోగ్రాము ముందుగనే తెలుపును. అక్షరములు మాత్రమే చూపు విండోను ఉదాహరణముగా తీసికొందము. ఒక్కొక్క అక్షరము వెడల్పు 6 పిక్సెలులు, రెండు అంచులకు కలిపి 4 పిక్సెలులు అనుకొన్నచో, 80 అక్షరముల వరుసకు 484 పిక్సెలులు కావలెను. వాడుకరి విండోను 500 వరకు లాగినను, మేనేజరు 496 వద్దనే నిలుపును. ఏలయన అందు సరిగా 82 అక్షరములు పట్టును. సగము అక్షరము తెరపై కనబడుట ఎవరికిని ఉపయోగము కాదు గదా!

ఇంతకంటె లోతైన గుణము మరియొకటి కలదు. కోరిన స్థానము ప్రోగ్రాము ఊహించినదా, వాడుకరి స్వయముగా చెప్పినదా అను భేదమును తెలుపు గుర్తులను గ్రంథము వేరువేరుగా ఏర్పరచినది. మొదటిదానిని మేనేజరు తోసివేయవచ్చును, రెండవదానిని గౌరవింపవలెను. యంత్రముల నడుమ సాగు సంప్రదింపులో మనుష్యుని మాటకు ప్రత్యేకస్థానము కల్పించుట సామాన్య విషయము కాదు. అట్లే, కోరికను నిరాకరించినపుడు సయితము ఉన్న కొలతలను ప్రోగ్రామునకు తెలుపవలెనని విధించుట మెచ్చదగినది.

ఇక దోషములు. మేనేజరు విండో చుట్టును చట్రము బిగించును. సాధారణ నియమము ప్రకారము ప్రోగ్రాము కోరిన స్థానము చట్రము పైమూలకు వర్తించును. కాని మేనేజరు తిరిగి తెలుపు స్థానము లోపలి విండోకు చెందినది. ఎడమ అంచు 5, శీర్షిక పట్టీ 25 పిక్సెలులు అనుకొందము. 100, 100 అని కోరిన ప్రోగ్రామునకు 105, 125 అని వార్త వచ్చును. దానినే దాచుకొని మరునాడు కోరినచో విండో కొంత దిగజారును. ఇట్లు పదవసారి తెరచునప్పటికి చట్రము 145, 325 స్థానమునకు చేరును! లోపలి విండో స్థానమునే కోరు మార్గము గ్రంథములో లేకపోలేదు; కాని దానిని ప్రోగ్రాము ప్రత్యేకముగా ఎన్నుకొనవలెను. అడుగునపుడు ఒక కొల, చెప్పునపుడు మరొక కొల వాడుటయే అసలు లోపము.

రెండవ లోపము: ఏ వార్త ఏ కోరికకు సమాధానమో తెలుపు సంఖ్య లేదు. విండోను వేగముగా లాగినపుడు చట్రము ముందు, లోపలి చిత్రము వెనుక నడచుట ఇందువలన సంభవించును. మూడవది: ప్రోగ్రాము తన ఊహను వాడుకరి మాటగా ప్రకటించినను పట్టుకొను ఉపాయము లేదు. మర్యాద పాటించువారికే అది మర్యాద.

క్రిస్టియన్ హోగ్స్‌బెర్గ్ 2008లో ప్రారంభించిన వేలాండ్ వ్యవస్థ ఈ పాఠములను గ్రహించినది. విండోలకై 2017లో స్థిరపడిన దాని నిబంధనలలో ప్రతి పరిమాణ సూచనకును ఒక సంఖ్య ఉండును. ప్రోగ్రాము ఆ సంఖ్యతో అంగీకారము తెలిపి, తగిన చిత్రమును పంపును. వెడల్పు సున్న అని వచ్చినచో "నీ ఇష్టము" అని అర్థము. చట్రమునకును చిత్రమునకును పొత్తు కుదిరినది. కాని ఆ మూలనిబంధనలలో తెరపై తన స్థానమెక్కడో ప్రోగ్రామునకు తెలియదు, ప్రధాన విండోకు స్థానము కోరు అవకాశమును లేదు. అబద్ధమాడు నోరు మూతపడినది. దానితోపాటు వాడుకరి మాటను మోసికొనిపోవు నోరును మూతపడినది.

కనుక ఐ.సి.సి.సి.ఎం. కాలము చెల్లిన గ్రంథమని త్రోసివేయుట న్యాయము కాదు. దాని కొలతల గందరగోళము దిద్దదగినదే, దిద్దబడినది కూడ. కాని "ఈ కోరిక ఎవరిది?" అని అది వేసిన ప్రశ్న క్రొత్త నిబంధనలు వ్రాయువారు మరువరానిది. ఏలయన తెర ప్రోగ్రాములదియు కాదు, మేనేజరుదియు కాదు. దాని ఎదుట కూర్చున్న మనుష్యునిది.