కర్ర గుర్రమైనప్పుడు: ఉత్తుత్తి ఆటపై విమర్శనాత్మక పరిశీలన

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఒక వస్తువును మరొక వస్తువుగా, తమను మరొకరుగా భావించుకొని ఆడే ఆటను విద్యా మనోవిజ్ఞానంలో నటనాత్మక క్రీడ అంటారు. పల్లెల్లో పిల్లల మాట ఇంతకంటే సూటిగా ఉంటుంది: ఉత్తుత్తి ఆట. ఇసుకను అన్నంగా వండే గుజ్జనగూళ్ళు, బొమ్మల పెళ్ళి, బడి ఆట, బస్సు ఆట ఈ కోవలోవే. ఇటువంటి ఆటను ప్రోత్సహించాలని నేటి పాఠ్యప్రణాళికలు చెబుతున్నాయి. ఎందుకు ప్రోత్సహించాలి, పెద్దలు ఎంతవరకు జోక్యం చేసుకోవాలి అన్న విషయాల్లో మాత్రం సిద్ధాంతకర్తలకు ఏకాభిప్రాయం లేదు. ఈ భేదాలను గుర్తించని ప్రోత్సాహం ఆటనే చెడగొడుతుందన్నది ఈ వ్యాసంలోని వాదన.

ఒకే కర్ర, రెండు వ్యాఖ్యానాలు

మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఆమె పేరు పెట్టుకున్న బడులు మన పట్టణాల్లో ఇప్పటికీ ఉన్నాయి. అయితే ఉత్తుత్తి ఆటను ఆమె అంతగా మెచ్చలేదు. తండ్రి చేతికర్రను గుర్రంగా చేసుకొని స్వారీ చేసే పిల్లవాడిలో ఆమెకు కనిపించినది ఊహాశక్తి కాదు, తీరని కోరిక. నిజమైన గుర్రం ఉన్నవాడికి కర్రతో పనిలేదన్నది ఆమె తర్కం. అందుకే పిల్లల చేతికి నిజమైన పనిని, నిజమైన పనిముట్లను ఇవ్వాలన్నారు. పిల్లల్ని గౌరవించే ఈ దృష్టి విలువైనదే.

రష్యన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త లెవ్ వైగోట్స్కీ 1933లో లెనిన్‌గ్రాడ్‌లో చేసిన ఉపన్యాసంలో కూడా ఆట తీరని కోరిక నుంచే పుడుతుందన్నారు. కానీ ఆయన అక్కడితో ఆగలేదు. కర్ర గుర్రమైన క్షణంలో ‘గుర్రం’ అనే అర్థం అసలు గుర్రం నుంచి విడివడుతుంది. ఒకటి మరొకదానికి గుర్తుగా నిలుస్తుందని తెలియడమే రేపు అక్షరం నేర్వడానికి తొలిమెట్టు. ఇంకొక సంగతి: అమ్మ వేషం కట్టిన పిల్ల అమ్మలాగే నడుచుకోవాలి. అంటే ఈ ఆటలో స్వేచ్ఛ ఎంతో నియమమూ అంతే.

ఈ రెండింటిలో ఏది సరి? మాంటిస్సోరి వాదన పూర్తిగా నిజమైతే, అసలు వస్తువు అందుబాటులో ఉన్న పిల్లలు ఉత్తుత్తి ఆట ఆడకూడదు. కానీ పొద్దున బస్సెక్కి ఊరెళ్ళివచ్చిన పిల్లలే సాయంత్రం అరుగు మీద బస్సు నడుపుతారు. పిల్లలకు కావలసినది బస్సు ఒక్కటే కాదు, దాన్ని నడిపే అధికారం కూడా. ఈ విషయంలో వైగోట్స్కీ వివరణే లోతైనది.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

1948లో మనుయిలెంకో అనే సోవియట్ పరిశోధకురాలు, కదలకుండా నిలబడమని ఊరికే చెప్పినప్పటికంటే కాపలా సిపాయి పాత్రలో పిల్లలు ఎక్కువసేపు నిలబడగలరని చూపారు. ఇది వైగోట్స్కీ మాటకు బలమే. అయితే 2013లో ఏంజెలీన్ లిలార్డ్ బృందం అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను సమీక్షించి, ఉత్తుత్తి ఆట వల్లనే తెలివి, సృజనాత్మకత పెరుగుతాయనడానికి సాక్ష్యం బలహీనమని తేల్చింది. భాష, కథ చెప్పే నేర్పు, ఉద్వేగ నియంత్రణ విషయంలో ప్రశ్న ఇంకా తేలలేదని చెప్పింది. లిలార్డ్ మాంటిస్సోరి విధానంపై గ్రంథం రాసినవారన్న సంగతి కూడా విమర్శకులు గుర్తుంచుకోవాలి. అయినా ఆ సమీక్షను తోసిపుచ్చలేం. ఆటను మార్కులు పెంచే మందుగా ప్రచారం చేస్తే, మార్కులు పెరగని రోజున ఆటను మానిపిస్తారు. ఆట బాల్యంలో భాగం కాబట్టే దానికి చోటు కావాలి.

కొడవలూరు వంటి ఊరిలో

కొడవలూరు చుట్టూ వరిపొలాలు. ఒకవైపు జాతీయ రహదారి, ఒకవైపు రైలుమార్గం. నారుమడి, కోత మిషను, ధాన్యం లారీ, రైలు, ఇవన్నీ అక్కడి పిల్లల ఊహకు ముడిసరుకు. సమగ్ర శిశు అభివృద్ధి సేవలు 1975 అక్టోబరు 2న మొదలయ్యాయి. 2022లో పునాది దశకు జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, 2024లో అంగన్‌వాడీలకు ‘ఆధారశిల’ వచ్చాయి. రెండూ ఆట ద్వారా బోధననే కోరుతున్నాయి. ఆచరణలో ఏమవుతుంది? పిల్లల్ని వరుసలో నిలబెట్టి ‘ఇప్పుడు రైలు ఆట ఆడండి’ అంటే అది డ్రిల్లు. కంఠస్థం చేసిన మాటలు చెప్పించే వేషధారణ పోటీ ప్రదర్శన. ఈ రెండింటిలోనూ ఊహించేది పెద్దలే.

‘ఆడుకోవడానికైతే బడెందుకు, ఇంటి దగ్గరే ఆడుకుంటాడు గదా’ అని తల్లిదండ్రులు అడుగుతారు. కూలి డబ్బుతో కాన్వెంటు ఫీజు కట్టేవారి ఆందోళనను చులకన చేయకూడదు. అక్షరాలకూ వేళ ఉందని, నాలుగేళ్ల పిల్లవాడి పూటంతా దానికే పోకూడదని వారికి చెప్పాలి.

తోడ్పాటు అంటే ముఖ్యంగా మూడు: ఎవరూ ఆపని కొంత సమయం, కొబ్బరి చిప్పలు, ఖాళీ డబ్బాలు, పాత చీర, ఉదయగిరి కొయ్య గరిటె వంటి వస్తువులు, పిలిస్తే చిన్న పాత్రలో చేరే పెద్దమనిషి. హోటలు ఆటలో పిల్లవాడు ఇసుక ఇడ్లీలు వడ్డిస్తే, ‘అబ్బాయా, చట్నీ మరిచిపోయావే’ అన్నవారు ఆటను ముందుకు నడిపినట్లు. ‘ఎన్ని ఇడ్లీలు? లెక్కపెట్టు’ అన్నవారు హోటలును పరీక్ష గదిగా మార్చినట్లు.

పాత ఆటలన్నీ మంచివేనన్న మోజు కూడా తగదు. ఊరిలోని హెచ్చుతగ్గులు ఆటలోకీ వస్తాయి. గిన్నెలెప్పుడూ ఆడపిల్లలకే, స్టీరింగ్ ఎప్పుడూ మగపిల్లలకే దక్కుతుంటే, ఒకరిని ఎప్పుడూ బయటే నిలబెడుతుంటే టీచరు చూస్తూ ఊరుకోకూడదు. అప్పుడు కూడా ఉపన్యాసం వద్దు. ప్రయాణికురాలిగా ఎక్కి ‘ఈ పూట కండక్టరమ్మ ఎవరు?’ అని అడిగితే చాలు.

మీరు చేయవలసిన పని

మీ ఊరి అంగన్‌వాడీలో అనుమతి తీసుకొని అరగంట గమనించండి. ఏ వస్తువు ఏమైంది, ఎవరికి ఏ పాత్ర దక్కింది, పెద్దలు ఎప్పుడు కలగజేసుకున్నారు అన్నవి రాయండి. పిల్లల పేర్లు రాయవద్దు. చివర మీరు రాసినదాన్ని మళ్ళీ చదివి, అందులో పెద్దల మాటలెక్కువో పిల్లల మాటలెక్కువో లెక్క చూడండి. అక్కడ జరిగినది ఆటో పాఠమో మీకే తెలుస్తుంది.