బండి వంటకు పెద్ద వంటగదిలో పరీక్ష

కోల్‌కతాలో బండి దగ్గర నిలబడి తిన్న ఫుచ్కానో, పాత కేబిన్ హోటల్లో చెక్కబల్ల ముందు కూర్చుని తిన్న కట్లెట్‌నో ఇంట్లోనో పెద్ద హోటల్లోనో మళ్లీ చేసి చూపించడం ఇప్పుడొక పోటీ అంశం. దీన్ని డబ్బున్నవాళ్ల సరదాగా కొట్టిపారేసేవాళ్లు చాలామంది. బండివాడు రెండు నిమిషాల్లో చేతికిచ్చేదానికి ఇంత ఆర్భాటం దేనికని వాళ్ల ప్రశ్న. నాకు మాత్రం ఈ పని విలువైనదే అనిపిస్తుంది. చిరుతిండిని తింటే రుచి తెలుస్తుంది. దాన్ని చేయబోయి భంగపడితే ఆ రుచిని నిలబెడుతున్న పనితనం తెలుస్తుంది. వీధి వంటను చదువుకోవడానికి ఉన్న దారుల్లో మళ్లీ చేసి చూడడమే అన్నిటికన్నా కష్టమైనది. చేతికి రానిదాన్ని వచ్చినట్టు నటించే వీలు అందులో లేదు కాబట్టి అన్నిటికన్నా నమ్మదగినదీ అదే.

కబిరాజీ కట్లెట్ సంగతే చూడండి. కాలేజ్ స్ట్రీట్‌లోని దిల్‌ఖుషా కేబిన్, శోభాబజార్‌లోని మిత్రా కేఫ్ లాంటి వందేళ్లు దాటిన చోట్ల ఇది దొరుకుతుంది. కోడిమాంసమో చేపో, అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి, బ్రెడ్ పొడి, గుడ్లు: ఏ ఇంట్లో లేనివి ఇవి? అయినా మొదటిసారి చేసినవాళ్లకు కట్లెట్ వస్తుంది గాని కబిరాజీ రాదు. కట్లెట్ చుట్టూ బంగారు రంగులో పొంగి, తాకితే విరిగిపోయే గుడ్డు జాలీ ఉండాలి. గిలక్కొట్టిన గుడ్డులో కాసిని నీళ్లు, కొద్దిగా కార్న్‌ఫ్లోర్ కలిపి, కాగిన నూనెలోకి వేళ్ల సందుల్లోంచి సన్నటి ధారలుగా విదిలిస్తారు. అందులోని నీరు ఒక్కసారిగా ఆవిరై పైకి తన్నుకొస్తుంది. ఆ బుడగల చుట్టూ గుడ్డు గట్టిపడి అల్లికగా మారుతుంది. నూనె సరిగా కాగకపోతే గుడ్డు ముద్దకట్టి నూనె పీల్చేస్తుంది, మరీ కాగితే అల్లిక ఏర్పడేలోపే మాడుతుంది. కుదిరిన జాలీని అది ఇంకా మెత్తగా ఉండగానే గరిటెతో కట్లెట్ మీదికి మడవాలి, ఆలస్యమైతే పెళుసెక్కి ముక్కలవుతుంది. ఇవేవీ కాగితం మీది కొలతల్లో కనిపించవు. ఎంత ఎత్తు నుంచి విదిలించాలి, చెయ్యి ఎంత వేగంగా తిరగాలి, ఎప్పుడు మడవాలి అన్న మూడు నిర్ణయాల్లోనే వంట అంతా ఉంది. ఈ జాలీని పళ్లెంలో నిలబెట్టగలిగిన పెద్ద హోటల్ వంటవాడిని నేను తప్పకుండా మెచ్చుకుంటాను. ఆ మెప్పులో సగం, రోజూ వందల సార్లు అదే పని తప్పకుండా చేసే కేబిన్ వంటవాడిది.

ఫుచ్కా పెట్టే పరీక్ష వేరు, అది కాలంతో వస్తుంది. హైదరాబాద్‌లోనో విశాఖలోనో తినే పానీపూరీకి ఇది దగ్గరి చుట్టమే అయినా లోపలి కూర వేరు. మెదిపిన బంగాళాదుంపలో ఉడికించిన నల్లశనగలు, పచ్చిమిర్చి, చింతపండు నీళ్లు, వేయించి దంచిన జీలకర్ర, ఎండుమిర్చి పొడి కలుపుతారు. పైన గంధరాజ్ నిమ్మ వాసన. పూరీ పిండిని గట్టిగా కలిపి, తడిబట్ట కప్పి నాననివ్వాలి, పల్చగా ఒత్తాలి. వేడి నూనెలో పిండిలోని తడి ఆవిరై పొరల్ని విడదీస్తుంది. పిండిలో రవ్వ పాళ్లు పెరిగితే కరకర, తగ్గితే మెత్తదనం. ఇంతవరకు ఓపిక ఉన్నవాళ్లెవరైనా సాధించగలరు. అసలు చిక్కు వడ్డించేటప్పుడు మొదలవుతుంది. పుల్లనీళ్లు పోసిన క్షణం నుంచి పూరీ మెత్తబడుతూ ఉంటుంది. బండి దగ్గర తినేవాళ్లు ఆకుదొప్ప పట్టుకుని చుట్టూ నిలబడతారు. వాళ్లకు ఒక్కొక్కటే, వరసగా, నోటికి అందే వేగాన్ని బట్టి అందుతుంది. ఈయనకు కారం తగ్గించాలి, ఆమెకు పులుపు పెంచాలి అన్న లెక్క కూడా ఆ చేతిలోనే సాగుతుంది. అదే ఫుచ్కాను ఆరేసి చొప్పున నింపి పళ్లెంలో పెడితే మూడోదానికి వచ్చేసరికి సగం చచ్చిపోతుంది. కొన్ని హోటళ్లు పుల్లనీళ్లను చిన్న గాజు గ్లాసుల్లో విడిగా ఇస్తున్నది అందుకే. చూడ్డానికి హంగులా ఉన్నా, బండివాడి చెయ్యి చేస్తున్న పనిని ఆ గ్లాసుకు అప్పగించారు. తినేవాళ్లు తామే పోసుకుని వెంటనే నోట్లో వేసుకుంటారు, కరకర నిలుస్తుంది. ఒక్కొక్కరికీ రుచి సర్దే పని మాత్రం గ్లాసుకు చేతకాదు. బండికీ పెద్ద వంటగదికీ మధ్య ఇంకా మిగిలి ఉన్న దూరం అక్కడ కొలవొచ్చు.

ఈ దూరాన్ని ఇంకో దారిలో దాటినవారు గగన్ ఆనంద్. కోల్‌కతాలో పుట్టిన ఆయన 2010లో బ్యాంకాక్‌లో తెరిచిన రెస్టారెంట్ 2015 నుంచి 2018 వరకు వరసగా నాలుగేళ్లు ఆసియా ఉత్తమ 50 రెస్టారెంట్ల జాబితాలో మొదటి స్థానంలో నిలిచింది. అక్కడ బాగా పేరుపొందిన వంటల్లో ఒకటి చాట్ రుచులున్న పెరుగు గోళం. దాని పద్ధతి స్పెయిన్‌లోని ఎల్ బుయీ వంటశాల ప్రపంచానికి చూపినది. సముద్రపు నాచు నుంచి తీసిన ఆల్జినేట్ కలిపిన నీళ్లలో చెంచాడు పెరుగు జారవిడిస్తారు. పెరుగులోని కాల్షియం ఆల్జినేట్‌తో కలిసి పైన పల్చటి పొర కడుతుంది, లోపల పెరుగు ద్రవంగానే ఉండిపోతుంది. నాలుక మీద నొక్కగానే పొర చిట్లి పెరుగంతా ఒక్కసారి నోరు నింపుతుంది. ఇందులో పూరీ లేదు, బంగాళాదుంప లేదు. అయినా ఫుచ్కా తినేవాళ్లు దేనికోసం నోరు అంత పెద్దగా తెరుస్తారో, పొర చిట్లి పులుపు వరదలా వచ్చే ఆ క్షణం ఇందులో ఉందని నేనంటాను. సరుకులన్నీ మారినా అనుభవం నిలవగలదు. సరుకులన్నీ అవే ఉంచి అనుభవాన్ని చంపేయడమూ సాధ్యమే, పళ్లెంలో ముందే నింపిపెట్టిన ఆరు ఫుచ్కాలు చేసేది అదే.

అసలు వంటను అలా మార్చడం అపచారం అనేవాళ్లకు కోల్‌కతా చరిత్రే జవాబు చెబుతుంది. 1856లో రాజ్యం పోగొట్టుకున్న అవధ్ నవాబు వాజిద్ అలీ షా మెటియాబ్రుజ్‌లో స్థిరపడ్డాక, ఆయన వెంట వచ్చిన లక్నో వంట ఈ ఊళ్లో బంగాళాదుంప ఉన్న బిర్యానీగా మారింది. మాంసం కొనలేక దుంప వేశారన్న కథ చాలామంది చెబుతారు. దుంప అప్పట్లో కొత్త, అపురూపమైన సరుకని నవాబు వంశీకులు వాదిస్తారు. కారణం ఏదైనా, మాంసం రసాన్ని, నెయ్యిని, కుంకుమపువ్వు వాసనను పీల్చుకున్న ఆ దుంప లేకుండా ఇప్పుడు ఎవరూ దాన్ని కోల్‌కతా బిర్యానీ అనరు. న్యూ మార్కెట్ దగ్గర 1932లో మొదలైన నిజామ్స్ హోటల్ కబాబ్‌ను పరాఠాలో చుట్టి కాగితంతో చేతికిచ్చింది, అదే దేశమంతటా కాఠీ రోల్ అయింది. పార్క్ స్ట్రీట్‌లో 1975లో మొదలైన పీటర్ క్యాట్ ఇరానీ చెలో కబాబ్‌ను ఇక్కడి నోటికి తగ్గట్టు తిప్పి రాసింది. ఈ ఊళ్లోని చైనీయుల పేట టాంగ్రాలో దొరికే చైనా వంటలైతే చైనాలో ఎక్కడా దొరకవు. అలాంటి ఊళ్లో అసలు, నకలు అన్న గీత ఎక్కడ గీస్తాం?

గీత గీయాల్సి వచ్చిన ఒక సందర్భం ఉంది, అదీ నా వాదనకే బలం. బాగ్‌బజార్ నవీన్ చంద్ర దాస్ 1868లో చేసిన రసగుల్లాకు బెంగాల్ 2017లో భౌగోళిక గుర్తింపు సాధించింది. ఒడిశా తన రసగోలాకు 2019లో విడిగా సాధించుకుంది. విరిగిన పాలలో పుట్టిన రెండు మిఠాయిలకూ గుర్తింపు ఎలా వచ్చింది? బెంగాల్‌ది తెల్లగా స్పాంజిలా సాగుతుంది, ఒడిశాది మెత్తగా కొంచెం రంగు తిరిగి ఉంటుంది. ఛెనాను, అంటే విరిగిన పాల ముద్దను, ఎంతసేపు మర్దించాలి, పాకం ఎంత పల్చగా ఉండాలి, ఎంత సెగ మీద మరగాలి అన్న చేతిపనే వాటిని వేరు చేసింది. భవానీపుర్‌లో 1885 నాటి బలరామ్ మల్లిక్ దుకాణం రసగుల్లా మీద చిక్కటి పాలు పోసి ఓవెన్‌లో కాల్చి అమ్ముతోంది. ఛెనా మర్దన సరిగా లేకపోతే ఆ వేడికి అది రబ్బరులా బిగుస్తుంది. పాత పనితనం రానివాడు కొత్తది చేయలేడు.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా దాటడం న్యాయం కాదు. వీధి వంట పెద్ద హోటల్లోకి వెళ్లి పదింతల ధర పలుకుతుంటే, దాన్ని కనిపెట్టినవాళ్లను కాలిబాట మీద నిలబడనివ్వరు. 1996 నవంబరులో ఆపరేషన్ సన్‌షైన్ పేరుతో కోల్‌కతా ప్రధాన వీధుల్లోని బళ్లను రాత్రికి రాత్రి కూల్చారు. వీధి వ్యాపారుల జీవనోపాధిని కాపాడే చట్టం 2014లో గాని రాలేదు. ఇది నిజమైన అన్యాయం. కానీ ఆ బళ్లను తొలగించింది వంటవాళ్లు కాదు, ఆ పనికి విలువ లేదనుకున్న పాలన. బండి వంట చేతకాక చెమటలు పట్టినవాళ్లు పెరిగేకొద్దీ దాన్ని చెత్తగా చూసే ధైర్యం తగ్గుతుంది. సింగపూర్ తన వీధి వంటవాళ్ల సంస్కృతిని 2020లో యునెస్కో జాబితాలో చేర్పించుకుంది. అక్కడ గౌరవం దక్కింది పళ్లేనికి మాత్రమే కాదు, వండేవాళ్లకు కూడా. మన హోటళ్ల మెనూల్లో వంట పేరు ఉంటుంది, ఏ వీధి నుంచి వచ్చిందో ఉండదు. ఆ అప్పు ఇంకా తీరలేదు.

2021లో మాస్టర్‌షెఫ్ ఆస్ట్రేలియా తుది పోటీలో బంగ్లాదేశ్ మూలాలున్న కిశ్వర్ చౌధురి పాంతా భాత్ వడ్డించినప్పుడు సరిహద్దుకు రెండు వైపులా బెంగాలీలు ఉప్పొంగిపోయారు. అది మన చద్దన్నమే. పక్కన ఆలూ భర్తా, సార్డిన్ చేప. రాత్రంతా పులిసే వ్యవధి పోటీ గంటల్లో దొరకదు, ఆమె అన్నం నీళ్లకు పొగ పట్టించారు. మూడో స్థానం వచ్చింది. వింతగా తోచి న్యాయనిర్ణేతలు మురిసిపోయారని కొందరన్నారు. కానీ పొలానికి వెళ్లేవాళ్ల పొద్దుటి తిండిలో పులుపు, ఉప్పు, కారం, చల్లదనం ఎంత లెక్కగా అమరాయో అంతపెద్ద బల్ల మీద పెడితేనే చాలామంది చూశారు. పచ్చిమిర్చి, ఉల్లిపాయ నంజుకుని చద్దన్నం తిన్న తెలుగువాళ్లకు ఆ అమరిక కొత్త కాదు, దాన్ని వంట అని పిలవవచ్చన్నది కొత్త.

కాబట్టి కోల్‌కతాలోనో మరెక్కడో ఇలాంటి పోటీ పెట్టేవాళ్లకు ఒక మాట. న్యాయనిర్ణేతల బల్ల దగ్గర ఒక కుర్చీ ఫుచ్కా బండి నడిపే మనిషికి ఇవ్వండి, పారితోషికంతో సహా. కళ్లకు గంతలు కట్టి రుచి చూపించండి, వంట గుర్తుపట్టగలిగితేనే మార్కులు వేయండి. ఒక్క పళ్లెం అందంగా చేస్తే సరిపోదు, యాభై మందికి వరసగా, అదే కరకరతో, ఒక్కొక్కరి కారం కనుక్కుంటూ అందించమనండి.