బార్ కింద

పదమూడో ఏట మా ఊరి వ్యాయామశాలలో మొదటిసారి వెయిట్‌లిఫ్టింగ్ బార్ ముందు నిలబడినప్పుడు మాస్టారు ఎత్తడం నేర్పలేదు, పట్టు నేర్పారు. బొటనవేలిని బార్‌కు ఆనించి, దాని మీదుగా చూపుడువేలు, మధ్యవేలు బిగించాలి. ఇనుముకూ వేళ్లకూ మధ్య బొటనవేలు నలిగిపోతుంది. మొదటి వారం రాత్రిళ్లు అన్నం కలుపుకోవాలన్నా కళ్లనీళ్లు తిరిగేవి. పదిహేను రోజులకు గోరు పక్కన చర్మం మొద్దుబారింది, నెల తిరిగేసరికి అరచేతుల్లో కాయలు కాశాయి. అమ్మమ్మ నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని చూసి, "ఏటే గుంటా, కొడవలి పట్టకండానే కాయలు కాసీసినాయేటి?" అంది. ఆవిడ అరచెయ్యి కూడా అలాగే ఉండేది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బలానికి పెద్ద పీటే వేస్తారు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, సర్కస్ పెట్టి దేశదేశాలు తిరిగిన కోడి రామ్మూర్తి నాయుడు గురించి చెప్పని తాత ఉండడు. శ్రీకాకుళంలో స్టేడియానికీ ఆయన పేరే. పండగొస్తే సంగిడి రాళ్లెత్తే పోటీలు జరిగేవి. కుర్రాళ్లు ఎత్తేవాళ్లు, ఊరంతా చుట్టూ మూగేది. ఆడవాళ్లు అరుగుల మీంచి చూసేవాళ్లు. ఆ చూస్తున్నవాళ్లే పొద్దున గడ్డిమోపులు, వరి కట్టలు నెత్తిన పెట్టుకుని గట్ల మీద నడిచొచ్చినవాళ్లు. వాళ్ల మోపు ఎంత బరువో ఎవరూ అడగలేదు.

ఆడపిల్ల ఎత్తిన బరువును తూచి, ఆమె పేరు పక్కన అంకె రాయడం ఇక్కడ మొదలుపెట్టింది బార్. అందుకే ఈ ఆటంటే నాకంత గౌరవం.

ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. రైల్వే రక్షక దళంలో కానిస్టేబుల్ కూతురు కరణం మల్లీశ్వరి. అక్కను చూసి తనూ ఎత్తుతానంటే, కోచ్ నీలంశెట్టి అప్పన్న గారు మొదట ఒప్పుకోలేదు, పిల్ల మరీ బక్కగా ఉందన్నారు. పట్టుబట్టి వెనక నిలబడింది తల్లి శ్యామల. ఈ కథ మా వైపు అందరికీ తెలిసిందే. అందులో నేను పదేపదే తలచుకునేది మాత్రం ఆ తల్లినే. ఆ కాలంలో ఆడపిల్ల బరువులెత్తితే ఒళ్లు మొరటుదవుతుందనీ, పిల్లలు పుట్టరనీ వీధంతా చెబుతుంటే, ఆ మాటలన్నీ కాదని కూతుర్ని బరువులెత్తే షెడ్డుకు పంపడం చిన్న తెగువ కాదు. మల్లీశ్వరికి పన్నెండేళ్లప్పటి సంగతి ఇది. 1990లో జాతీయ శిబిరంలో ఉన్న అక్కను చూడ్డానికి వెళ్తే, అక్కడున్న బెలారస్ వెయిట్‌లిఫ్టింగ్ దిగ్గజం లియోనిద్ తరనెంకో కంట్లో పడింది. 1993లో ప్రపంచ పోటీల్లో కాంస్యం. 1994లో ఇస్తాంబుల్‌లో 54 కిలోల విభాగంలో ప్రపంచ ఛాంపియన్ అయ్యేనాటికి ఆమెకు పంతొమ్మిదేళ్లు. మరుసటేడు గ్వాంగ్‌జౌలో మళ్లీ.

అప్పటికి ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగే లేదు. 2000లో సిడ్నీలో మొదటిసారి పెట్టారు. మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో దిగింది. ఆ రోజు సెప్టెంబరు 19.

బార్‌ను చదవడం వచ్చినవాళ్లకు ఆ పోటీ ఇంకోలా కనిపిస్తుంది. ఆడవాళ్ల బార్ 15 కిలోలు, చక్రాలు జారకుండా బిగించే రెండు కాలర్లు కలిపి ఇంకో అయిదు. అక్కడికే ఇరవై. స్నాచ్‌లో ఆమె ఎత్తింది 110. అంటే ఒక్కో వైపు 45: ఒక ఎర్ర చక్రం, ఒక నీలం చక్రం. ఎర్రది 25, నీలం 20. ఇంతా కలిపి నేల మీంచి తల మీదికి ఒకే ఊపులో వెళ్లాలి. తర్వాత రెండు అంచెల్లో ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130. మొత్తం 240. చైనా అమ్మాయి లిన్ వైనింగ్, హంగరీకి చెందిన మార్కుస్ ఇద్దరూ 242.5 దగ్గర ఆగారు. ఆఖరి ప్రయత్నానికి మల్లీశ్వరి బార్ మీద 137.5 పెట్టించారు. లేస్తే బంగారం. లేవలేదు. కాంస్యంతోనే ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. వెయిట్‌లిఫ్టింగ్‌లో దేశానికి మళ్లీ ఒలింపిక్ పతకం రావడానికి, మణిపూర్ మీరాబాయి చాను టోక్యోలో 202 కిలోలు ఎత్తడానికి, ఇరవై ఒక్కేళ్లు పట్టింది.

ఆ 137.5 గురించి ఇప్పటికీ వాదిస్తారు. ఇంకొంచెం తక్కువ అడగాల్సిందని. నాకు మాత్రం ఆ నిర్ణయం నచ్చుతుంది. ఊసవానిపేట పిల్ల లెక్కలు కట్టకుండా నేరుగా బంగారం అడిగింది.

ఈ ఆటలో అసలు విద్య ఎత్తడంలో లేదు, కిందికి దిగడంలో ఉంది. ఇది చూసేవాళ్లకు చెప్పడం కష్టం. స్నాచ్‌లో బార్‌ను తల దాకా లాగేంత బలం ఎవరికీ ఉండదు. బార్ పొట్ట దాటి ఒక్క క్షణం పైకి తేలుతుంది, బరువు లేనట్టు. ఆ క్షణంలో లిఫ్టర్ దాన్ని ఇంకా పైకి లాగదు, తనే దాని కిందికి దూకుతుంది. గొంతుకూర్చుని, చేతులు చాచి, తల మీద దాన్ని అందుకుంటుంది. పడిపోయే బరువు కిందికి మనంతట మనం వెళ్లాలి. మాస్టారు ఎన్నిసార్లు అరిచేవారో: "లాగింది చాలు, దిగు! దిగమ్మా!" నాకు ఆ దిగడం రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. భయం తొడల్లో ఉంటుందని అప్పుడు తెలిసింది.

నెల్లిమర్ల మండలం కొండవెలగాడలో పిల్లలు ఆ భయాన్ని చిన్నప్పుడే పోగొట్టుకుంటారు. తెల్లారకముందే చోడి అంబలి తాగి షెడ్డుకొస్తారు. ఇంటి పక్క అక్క ఎత్తుతుంటే చూసి చెల్లెలు చీపురుకర్రతో మొదలుపెడుతుంది. ఆ ఊరి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో స్నాచ్‌లో 83, క్లీన్ అండ్ జెర్క్‌లో 105, మొత్తం 188 కిలోలు ఎత్తింది. మొదట చేతికొచ్చింది కాంస్యం. మొదటి స్థానంలో నిలిచిన నైజీరియా అమ్మాయి డోపింగ్ పరీక్షలో దొరికాక అది వెండి అయింది. పోడియం మీద నిలబడాల్సిన మెట్టు తర్వాత మారిందన్నమాట. వెండి పతకం తర్వాతైనా వస్తుంది, ఆ మెట్టు మీద నిలబడే నిమిషం మాత్రం తిరిగి రాదు. మందులు వాడినవాళ్లు దొంగిలించేది ముందు ఆ నిమిషాన్నే.

ఈ పిల్లల్ని చూసి ఉద్యోగం కోసం ఎత్తుతున్నారని తేలిగ్గా మాట్లాడేవాళ్లుంటారు. అవును, ఉద్యోగం కోసమే. రైల్వేలో, పోలీసులో, సైన్యంలో ఒక కొలువు దొరికితే ఇల్లు నిలబడుతుంది. మల్లీశ్వరి కూడా భారత ఆహార సంస్థలో ఉద్యోగం చేసింది. ఇంటికి అన్నం పెట్టని ఆటను పేదింటి ఆడపిల్ల ఎన్నాళ్లు ఆడగలదు? మోకాలు వాస్తే, నడుం పడితే, పెళ్లి సంబంధం వస్తే ఆగిపోయినవాళ్లు నాకు తెలుసు. నా పక్కన ఎత్తిన ముగ్గురిలో ఇద్దరు పదో తరగతితో ఆపేశారు. వాళ్లిద్దరూ నాకంటే బాగా దిగేవాళ్లు.

నన్ను ఇంటర్‌కు విజయనగరం హాస్టల్లో వేశారు. అక్కడితో నా ఎత్తడం ఆగిపోయింది. వెళ్లేముందు నా చివరి అంకె క్లీన్ అండ్ జెర్క్‌లో 47.5. అది ఎత్తిన సాయంత్రం ఇంటికి పరిగెత్తుకొచ్చి చెబితే అమ్మమ్మ, "అదెంతే? నా కట్టెల మోపంత ఉంటదా?" అని అడిగింది. నాకు తెలియదు. ఆవిడకూ తెలియదు.

మర్నాడు పొద్దున్నే కొండ మీంచి వస్తున్న ఆవిడకు ఎదురెళ్లి, మోపును రైసుమిల్లు కాటా మీద పెట్టించాను. మిల్లు గుమస్తా రెండుసార్లు చూసి ముప్పై ఒకటి అన్నాడు. ఇంటికొచ్చి నా నోటుబుక్కులో, నా అంకె కింద రాశాను: అమ్మమ్మ, కట్టెలు, 31 కిలోలు, రెండు కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా.