శీతసముద్రమున నొక విశ్రాంతిదినము: రసవిచారము

ప్రబంధమునకు వర్ణనలు పదునెనిమిదని మన లాక్షణికులు చెప్పుదురు. నగరము, సముద్రము, పర్వతము, ఋతువులు, చంద్రసూర్యోదయములు వానిలోనివి. ప్రయాణము సైతము ఆ పట్టికలో కలదు గాని అది దండయాత్ర. నాయకుడు సేనతో కదలుట. చేయవలసిన పని యేమియు లేక, ఓడలో కూర్చుండి నీటిని చూచుచు ఒక పగలు గడపుట యను వస్తువునకు అందు తావు లేదు. సముద్రమును మన కవులు తీరమున నిలిచియో ఆకాశమునుండియో చూచిరి. రఘువంశము పదుమూడవ సర్గమున రాముడు సీతకు సముద్రమును చూపుట పుష్పకమునుండియే కదా! ఓడలోని మనుష్యునకు సముద్రము వర్ణ్యవస్తువు మాత్రమే కాదు. అది అతని నివాసము. ఈ భేదము చిన్నది కాదు.

ఆధునికయుగమున ఈ వస్తువు యాత్రాగ్రంథములలో ప్రవేశించినది. నార్వే పశ్చిమతీరము వెంబడి ఉత్తరమునకు పోవు హుర్తిగ్రూటెన్ ఓడలు 1893లో ఆరంభమైనవి. టపాలు, సరకులు మోయుట వాని మొదటి పని. విహారయాత్రికులు పిమ్మట చేరిరి. అంటార్కిటికాకు లిండ్‌బ్లాడ్ 1966లో యాత్రికులను కొనిపోయెను. అట్టి యాత్రలలో రేవు తగులని దినము లుండును. చలిచే ఓడపైభాగమున ఎక్కువసేపు నిలువరాదు. యాత్రికుడు తన గదికి, కిటికీకి, తనకు మాత్రమే మిగులును. రచయితకు ఇంతకన్న కఠినమైన పరీక్ష లేదు. మన ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో చేసిన కాశీయాత్రను 1838లో అచ్చయిన గ్రంథమున చెప్పునపుడు ప్రతిదినమును ఆయనకు ఏదో ఒకటి అందించినది: మజిలీ, ఏరు, సత్రము, ఊరి జనము. నడిసముద్రమున మజిలీ లేదు. ఏమియు జరుగని దినమును గూర్చి ఏమి వ్రాయవలెను? వ్రాసినచో దానికి రసమేది?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు రెండు గ్రంథములను గ్రహించితిని. మొదటిది చెక్ రచయిత కారెల్ చాపెక్ 1936లో ప్రకటించిన ఉత్తరయాత్ర. రెండవది ఆంగ్ల రచయిత్రి జెన్నీ డిస్కీ 1997లో ప్రకటించిన ‘స్కేటింగ్ టు అంటార్కిటికా’. మొదటిదానిని గూర్చి చెప్పవలసినది కొంచెమే. చాపెక్ భార్యతో కలిసి హుర్తిగ్రూటెన్ మార్గమున ఉత్తరాగ్రమువరకు పోయెను. వేసవి యగుటచే రాత్రియు సూర్యుడు అస్తమింపడు. ఓడలో అమెరికనుల మతసంఘ మొకటి యుండెను. వారి కీర్తనలనుండి తప్పించుకొనుటయే అతనికి పనియైనది. ఈ హాస్యము నిర్మలము, ఏలయన నవ్వువాడు తన్నుతాను మినహాయించుకొనలేదు. కొండ, ద్వీపము, చిన్న రేవు, మరల కొండ. అతని విశ్రాంతి వస్తువులతో నిండినది. తన చేతిబొమ్మలను గూడ గ్రంథమున చేర్చెను. అద్భుతము అంగిగా, హాస్యము అంగముగా ఇది చక్కని కూర్పు. అదే వేసవి 1936 జూలైలో స్పెయిన్‌లో అంతర్యుద్ధము మొదలైనదని ఎరిగిన పాఠకునకు ఆ నీటి నిశ్చలత వేరొకవిధముగా తోచవచ్చును గాని, అది రసికుని స్మృతి తెచ్చిన అదనపు ఛాయ.

చిక్కు వచ్చునది డిస్కీ గ్రంథముతోనే. ఇందు రెండు కథనములు పెనవైచుకొని నడచును. ఒకటి దక్షిణసముద్రయాత్ర. రెండవది ఆమె బాల్యము: మోసముతో బ్రదికిన తండ్రి, కూతురు మంచుపై స్కేటింగులో పేరు తెచ్చుకొనవలెనని కోరిన తల్లి, వారి కలహములు, పిమ్మట మానసిక వైద్యశాలలు. 1966 తరువాత ఆమె తల్లిని చూడలేదు. బ్రదికియున్నదో లేదో తెలిసికొన యత్నింపలేదు. ఇప్పుడామె కుమార్తె తన అమ్మమ్మను గూర్చి వెదక బూనినది. ష్రోడింగర్ 1935లో ఊహించిన పెట్టెలోని పిల్లి, మూత తెరచువరకు బ్రదికినదనియు చచ్చినదనియు చెప్పరానిది. డిస్కీ తన తల్లిని ఆ పిల్లితో పోల్చినది. దశాబ్దములుగా ఆమె ఆ మూత తెరవలేదు.

ఈ రెండు కథనములకు నడుమ తెలుపు కలదు. వైద్యశాలలోని తెల్లని దుప్పట్లు, తెల్లని పడకగది, చివరకు తెల్లని ఖండము: ఆమె కోరిన దొక్కటే, ఏమియు లేని తెలుపు. మంచుకొండలు ఎదురైన దినమున ఆమె గదిలో పరుండి, కిటికీ ముందునుండి అవి సాగిపోవుటను చూచుచు గడపును. గ్రంథమునకు హృదయము ఆ దినమే యని నా అభిప్రాయము. ఖండముపై పాదము మోపకయే మరలి వచ్చిన నేమి యను తలపును గూడ ఆమె దాచలేదు. ఇంత దూరము పోయి దిగకుండుటయా యని లోకము నవ్వును. లోకము నవ్వునని ఆమెకు తెలియును.

మా తరగతిలో ఈ గ్రంథప్రస్తావన వచ్చినపుడు ఒక విద్యార్థి దీనిని శాంతరసమనెను. ఆ పక్షము తేలికగా త్రోసివేయదగినది కాదు. కోరికలు ఉడిగినవి, జనసమ్మర్దము తొలగినది, చిత్తము నిశ్చలమైనది. ముప్పదిమూడు వ్యభిచారిభావములలో భరతుడు నిర్వేదమును మొదట పేర్కొనెను. అమంగళప్రాయమైన దానిని మొదట నిలుపుటచేతనే అది స్థాయియు కాగలదని మమ్మటుడు సమర్థించెను. డిస్కీ నిర్వేదము అట్టిదే యనవచ్చును గదా?

కాదని నా మనవి. తత్త్వజ్ఞానమునుండి పుట్టిన నిర్వేదము స్థాయి. ఇష్టవియోగమువలననో అనిష్టప్రాప్తివలననో పుట్టినది వ్యభిచారి. ఈ విభాగము ప్రాచీనమే. డిస్కీ తెలుపును కోరినది జగత్తు మిథ్య యని యెరిగి కాదు, ఎరుగవలసినదొకటి ఎరుగకుండుటకు. అందుచే ఆమె నిర్వేదము స్థాయి కాజాలదు. మరియొక స్థాయిని పోషించుటకు వచ్చినది. ఆ స్థాయి శోకము. అది కరుణముగా ఏల పక్వము కాలేదు? ఆలంబనము సందిగ్ధ మగుటచేత.

ఇచ్చట మన లాక్షణికుల సూక్ష్మదృష్టి ఉపకరించును. మరణము నిశ్చితమై పునస్సమాగమాశ లేనిచో కరుణము. ఆశ యున్నచో కరుణవిప్రలంభము. కాదంబరిలో మహాశ్వేతాపుండరీకుల కథ దీనికి ప్రసిద్ధోదాహరణము. కరుణవిప్రలంభము శృంగారభేదము గావున తల్లీకూతుండ్ర విషయమున నేరుగా వర్తింపదనుట నిజమే. అయినను భేదకము, అనగా మరణనిశ్చయము, సర్వత్ర సమానము. డిస్కీ స్థితి ఈ రెండింటిలో చేరదు. మరణనిశ్చయము లేదు, ఆశ అంతకన్న లేదు, పైపెచ్చు సమాగమభయము కలదు. బ్రదికియున్న తల్లియే ఆమెకు మృతురాలైన తల్లికన్న భయహేతువు. ఇట్టి స్థితికి మన శాస్త్రమున పేరు కానరాదు. పేరు లేకపోవుట శాస్త్రమునకు దోషము కాదు, కవులు ఇదివరకు అట్టి లక్ష్యము నీయలేదు.

ఈ దృష్టితో చూచినపుడు విశ్రాంతిదినమునకు కథనమున గల పని తెలియును. నడిసముద్రమున విడిచిన తీరము లేదు, చేరవలసిన తీరము లేదు. పెట్టె మూసియున్నంతకాలము ఆమె ఉన్నచో టదియే. కిటికీ అద్దమునకు అటు చలి, ఇటు వెచ్చదనము. చూచునదియు చూడబడునదియు ఒకదాని నొకటి తాకవు. కథనక్రమమున కుమార్తె అన్వేషణ అధ్యాయములు ఈ నిశ్చలదినముల నడుమ దూరుచుండును. తల్లి ఎప్పుడో మరణించినదని తేలినపుడు పాఠకునకు కలుగునది దుఃఖముకన్న ముందు ఒక విడుదల. మంచుకొండలో పదింట తొమ్మిదిపాళ్లు నీటిలోనే యుండును. ఈ ఉపమను డిస్కీ యందు బలవంతముగా వెదకువారు కలరు గాని అది అరిగిన నాణెము, దానిని విడుచుటయే మేలు.

దోషము లేకపోలేదు. సహయాత్రికులను, వారి కెమెరాలను చిత్రించునపుడు ఆమె హాస్యము కొన్నిచోట్ల వక్రమైనది. చాపెక్ హాస్యమునందలి దయ ఇందు లేదు. తాను తెలుపును కోరి వచ్చినట్లే వారును ఏదో కోరి వచ్చిరని ఆమె అన్నిచోట్ల అంగీకరింపదు. ఔచిత్యభంగమని కొట్టివేయను గాని, శాంతరసవాదులు దీనికి సమాధానము చెప్పవలసియుండును. శాంతమున ఇట్టి తీక్ష్ణతకు చోటు లేదు. ఉడుకుచున్న శోకమున కలదు.

వర్ణవిచారముతో ఒక మాట. భరతుడు తెలుపును హాస్యమున కిచ్చెను. శాంతమునకు మొల్ల, చంద్రుల కాంతిని ఇచ్చినవాడు విశ్వనాథుడు. కరుణమునకు భరతుడు చెప్పినది కపోతవర్ణము, మబ్బు పట్టిన పావురపు బూడిదరంగు. ఈ వ్యాసకర్త యెరిగినది విశాఖతీరపు సముద్రమే. దక్షిణసముద్రమును ఛాయాచిత్రములలో మాత్రము చూచితిని. వానిలో మంచుకొండ తెల్లగా నుండును. రెండు మంచుకొండల నడుమ, మబ్బు క్రింద, నీరు పావురపు రంగున నుండును.