మనోవికాస దశలూ, పండిత సుందర్‌లాల్ శర్మ జీవితమూ

నాయకుల జీవితాలను మనస్తత్వశాస్త్రపు వెలుగులో పరిశీలించడం కొత్త కాదు. మానవ జీవితాన్ని ఎనిమిది మనోసామాజిక దశలుగా 1950లో ప్రతిపాదించిన ఎరిక్ ఎరిక్సన్, 1969లో గాంధీజీపై వెలువరించిన గ్రంథానికి 1918 నాటి అహ్మదాబాద్ మిల్లు కార్మికుల సమ్మెను కేంద్రంగా గ్రహించాడు. 'ఛత్తీస్‌గఢ్ గాంధీ'గా ప్రసిద్ధులైన పండిత సుందర్‌లాల్ శర్మ (1881-1940) జీవితానికి ఈ పద్ధతి ఎంతవరకు వర్తిస్తుందన్నది ఆలోచించదగిన అంశం.

తొలిచూపులో పొందిక కనిపిస్తుంది. రాజిం సమీపంలోని బ్రాహ్మణ కుటుంబంలో జన్మించిన శర్మ, ఛత్తీస్‌గఢీలో 'దానలీల' కావ్యం రచించి కవిగా తన అస్తిత్వాన్ని నిలుపుకున్నారు. 1920 నాటి కండేల్ కాలువ సత్యాగ్రహం, 1922 నాటి కారాగారవాసం, 1925 నాటి రాజిం ఆలయ ప్రవేశోద్యమం ఆయన నడివయసుకు చెందినవి. భావితరాల పట్ల బాధ్యతకూ స్తబ్ధతకూ నడుమ సంఘర్షణగా ఎరిక్సన్ వర్ణించిన ఏడవ దశకు ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. అస్పృశ్యతా నివారణలో శర్మను గాంధీజీ 1933లో తన గురువుగా పేర్కొన్నారని ప్రతీతి.

అయితే చిక్కు ఇక్కడే ఉన్నది. శర్మ సత్నామీలకు జంధ్యాలు ధరింపజేశారు. ఇచ్చినవారి వైపునుండి చూస్తే అది స్వకులాగ్రహాన్ని లెక్కచేయని సాహసం. మరి పుచ్చుకున్నవారి వైపునుండి? తిల్దా పరిసరాలతో కూడిన ఛత్తీస్‌గఢ్ మైదానంలో గురు ఘాసీదాస్ (1756-1850) ఎంతో మునుపే విగ్రహారాధననూ కులభేదాన్నీ నిరాకరించి, ఆ ప్రజలకు సత్నామ్ మార్గాన్ని చూపారు. ఆయన కుమారుడు బాలక్‌దాస్ నాడే తమవారు జంధ్యాన్ని ధిక్కార చిహ్నంగా ధరించారని సత్నామీల మౌఖిక సంప్రదాయం చెబుతుంది. అనగా, శర్మ దానంగా ఇచ్చినదానిని వారు అంతకుముందే హక్కుగా తీసుకున్నారు.

ఈ వాస్తవం ఎనిమిది దశల పట్టికలో ఇమడదు. ఆ పట్టిక దాత పరిణతిని కొలుస్తుంది. గ్రహీత దాని అంచున నిలిచిపోతాడు. ఇందువలన శర్మ త్యాగం తక్కువ కాదు. సాటివారి ఆగ్రహాన్ని భరించడం తేలిక కాదు. కాని ఆ త్యాగాన్ని సరిగా తూచాలంటే శర్మ జీవితచరిత్ర పక్కన సత్నామీల చరిత్రను ఉంచి చదవాలి. పాఠ్యగ్రంథాలు, స్మారక సంచికలు రూపొందించేవారు ఈ రెంటినీ వేరుచేసినంతకాలం, ఒకరి ఔన్నత్యం మరొకరి మౌనంపై నిలిచినట్లే కనిపిస్తుంది.